అల్పపీడనం అనగానే ఏది చూడాలి: విండీయా, ఐఎండీ బులెటినా?

వానాకాలం వడ్లు కోతకొచ్చే అక్టోబరు, నవంబరులో నన్ను అందరూ అడిగేది ఒకటే. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో రాగానే ఫోన్లు మొదలవుతాయి. "విండీలో మన మీద మొత్తం ఎర్రగా చూపిస్తున్నది, వాతావరణ శాఖేమో ఎల్లో అలర్ట్ అంటున్నది, దేన్ని నమ్మాలి?" మిర్యాలగూడ నుంచి వడ్లోళ్లు అడుగుతారు, దేవరకొండ నుంచి పత్తోళ్లు అడుగుతారు, పాలమూరు దోస్తులూ అడుగుతారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. విండీ అంటే గాలి, వాన అంచనాలను మ్యాప్ మీద రంగుల్లో చూపించే యాప్, ఐఎండీ అంటే మన భారత వాతావరణ శాఖ.

సముద్రం వాతావరణం గురించి టీవీలో చెప్పేదాంట్లో సగం మనకు పనికిరాదు. అలల ఎత్తు, ఈదురుగాలి వేగం, ఏ రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక అనేవి తీరం వాళ్లకు ప్రాణం మీది సంగతులు. నల్లగొండకు దగ్గరి తీరమే దాదాపు 200 కిలోమీటర్లు, మహబూబ్‌నగర్‌కు ఇంకా ఎక్కువ. ఇక్కడికి వచ్చేసరికి గాలి తగ్గిపోయి వాన మిగులుతుంది. అల్పపీడనం బలపడితే వాయుగుండం, తర్వాత తీవ్ర వాయుగుండం, ఆ పైన తుపాను, తీవ్ర తుపాను అంటారు. కానీ తుపానుకు పేరు పెట్టారా, తీవ్ర తుపాను అయిందా అన్నదాన్ని బట్టి మన నష్టాన్ని అంచనా వేయలేం. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తీవ్ర వాయుగుండమే, దానికి పేరు కూడా లేదు. హైదరాబాద్ మునిగింది. 2024 సెప్టెంబరు 1న కళింగపట్నం దగ్గర దాటింది కూడా వాయుగుండమే, కోదాడ మునిగింది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర దాటిన మిచౌంగ్ తీవ్ర తుపాను, కానీ మన రాష్ట్రంలో దాని వాన ఎక్కువగా ఖమ్మం, భద్రాద్రి వైపు పడింది.

కాబట్టి నేను చూసేది ఒక్కటే: తీరం దాటాక ఎటు పోతుంది, ఎంత మెల్లగా పోతుంది. ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది.

విండీ సంగతి ముందు. అది సొంతంగా అంచనా వేయదు, వేరేవాళ్ల మోడళ్లను, అంటే కంప్యూటర్ లెక్కలను, బొమ్మగా చూపిస్తుంది. మామూలుగా తెరవగానే కనిపించేది యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్. పక్కనే అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ కూడా ఉంటుంది. రెండూ పెట్టి చూస్తే ఒకే అల్పపీడనాన్ని ఒకటి మచిలీపట్నం మీదికి, ఇంకొకటి ఒడిశాకు పంపుతుంటాయి. సముద్రం మీద కొలిచే సాధనాలు తక్కువ. నీళ్ల మీద తేలే కొన్ని కొలత పరికరాలు, దారిన పోయే ఓడలు, మిగతాదంతా ఉపగ్రహాలే. అల్పపీడనం నడిమధ్య, అంటే దాని కేంద్రం, గట్టిగా ఏర్పడేదాకా అది ఎక్కడుందో మోడల్‌కే సరిగ్గా తెలియదు, మొదట్లో కొంచెం తేడా ఉన్నా ఐదో రోజుకు అది వందల కిలోమీటర్లవుతుంది. అందులోనూ జీఎఫ్ఎస్‌కు పది రోజుల ముందే లేని తుపాన్లను చూపించే అలవాటుంది. వాట్సాప్‌లో తిరిగే భయపెట్టే బొమ్మలు చాలావరకు అక్కడివే. నా మట్టుకు జీఎఫ్ఎస్‌ను పక్కన పెట్టేస్తాను.

ఈసీఎండబ్ల్యూఎఫ్ మంచిదే. దాని కొత్త లెక్క మన టైము ప్రకారం మధ్యాహ్నం ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి పూర్తిగా అందుతుంది. నిన్న మధ్యాహ్నం బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఇవాళ మధ్యాహ్నం బొమ్మతో పోల్చండి. అదే తేదీకి కేంద్రం రెండు మూడు వందల కిలోమీటర్లు జరిగిందంటే మోడల్ ఇంకా కుదురుకోలేదని అర్థం. దాన్ని చూసి పచ్చి పైరు కోయించకండి. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్లో కాంటా పెట్టరు, అంటే తూకం వేయరు. వాన రాకపోయినా వడ్లు కల్లంలోనే ఉండిపోతాయి.

ఇక ఐఎండీ. మన వాళ్లు జిల్లాల రంగుల మ్యాప్ చూసి అక్కడే ఆగిపోతారు. ఆ రంగు జిల్లా మొత్తానికి ఒకటే. అసలు సరుకు ఢిల్లీ నుంచి వచ్చే తుపాను బులెటిన్‌లో ఉంటుంది. ఉత్తర హిందూ మహాసముద్రం తుపాన్లకు ప్రపంచ వాతావరణ సంస్థ తరఫున బాధ్యత ఐఎండీ ఢిల్లీ ఆఫీసుదే. ఏమీ లేని రోజుల్లో కూడా రోజూ ఒక నివేదిక ఇస్తారు. వచ్చే ఏడు రోజుల్లో వాయుగుండం ఏర్పడే అవకాశం లేదా, తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని రోజువారీగా రాస్తారు.

వాయుగుండం అయ్యాక వచ్చే బులెటిన్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, చూడగానే టెన్షన్ వస్తుంది. చదవాల్సింది అందులోని పట్టిక ఒక్కటే: తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం, గాలి వేగం. టైము యూటీసీలో (అంతర్జాతీయ టైములో) ఉంటే అయిదున్నర గంటలు కలపండి. నల్లగొండ దాదాపు 17.1, 79.3 దగ్గర, మహబూబ్‌నగర్ 16.7, 78 దగ్గర ఉన్నాయి. ఇది చీటీ మీద రాసి పెట్టుకుని పట్టికలో కింది వరసలు చూడండి. అక్కడ 17, 79 లాంటి అంకెలు కనబడితే కేంద్రం మన నెత్తి మీదికే వస్తున్నది. తర్వాత వరసకూ వరసకూ మధ్య తేడా చూడండి. ఒక డిగ్రీ అంటే సుమారు 110 కిలోమీటర్లు. పన్నెండు గంటల్లో ఒక డిగ్రీ కూడా కదలకపోతే అది మెల్లగా పోతున్నట్టు, ముసురు పట్టుకుంటుంది. రెండు డిగ్రీలకు పైగా కదిలితే తొందరగా దాటిపోతుంది. గాలి వేగం అంకె తగ్గిందని మాత్రం ధైర్యపడొద్దు, వాన దాంతోపాటు తగ్గదు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తీరం దాటాక అందరూ కోస్తా వైపే చూశారు. మర్నాడు బలహీనపడి తెలంగాణ మీదికి వచ్చాక నల్లగొండ, నాగర్‌కర్నూల్, వరంగల్ వైపు కుండపోత కురిసింది.

ఐఎండీ అంచనా కూడా తప్పుతుంటుంది. ఒక రోజు ముందు చెప్పే కేంద్రం చోటుకు సగటున 75 కిలోమీటర్ల దాకా తేడా ఉంటుంది. మిర్యాలగూడ నుంచి దేవరకొండ అంత దూరం! అయితే ఆ తేడా ఎంతుండొచ్చో వాళ్లే దారి చుట్టూ గరాటు ఆకారంలో గీసి చూపిస్తారు. విండీ మ్యాప్‌లో ఒకే బొమ్మ, అదే ఖాయం అన్నట్టు కనబడుతుంది. పైగా బులెటిన్ వెనుక అన్ని మోడళ్లనూ పక్కపక్కన పెట్టి, ఉపగ్రహం, రాడార్ చూసి రాసే మనుషులున్నారు. కోత, కాంటా, పరదాల విషయంలో మూడు రోజుల లోపు నిర్ణయమైతే నేను బులెటిన్ మీదే తీసుకుంటాను.

మిగతావి క్లుప్తంగా. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలలు, ప్రవాహాల అంచనాలు చక్కగా ఇస్తుంది, అవి మత్స్యకారులకు. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వచ్చే సాగు సలహాలు పర్వాలేదు. వాన మొదలయ్యాక హైదరాబాద్ రాడార్ బొమ్మ చాలు. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు చూడకపోయినా నష్టం లేదు.

వేరుశనగ విత్తే పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతులకు మాత్రం నా సలహా వేరు. వాళ్లకు కావాల్సింది వారం పది రోజుల ముందుచూపు. వాయుగుండం కానంతవరకు ఐఎండీ దారి పట్టిక మామూలుగా రాదు. అప్పుడు ఈసీఎండబ్ల్యూఎఫ్‌నే చూడండి, కానీ వరసగా మూడు నాలుగు లెక్కలు ఒకే మాట చెప్పాకే విత్తనం కాయ కొట్టించి గింజలు తీయించండి.