‘సైలెంట్’ అన్న మాట నమ్మి అక్వేరియం ఫిల్టర్ కొన్నాం, మూడు చేపలు పోయాయి: కొనేముందు జాగ్రత్త

చిన్న అక్వేరియం ఉన్నవాళ్లు, పెట్టుకోబోతున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. డబ్బా మీద ‘సైలెంట్’ అని పెద్ద అక్షరాలతో ఉందని ఒక ఫిల్టర్ కొన్నాం. దాని మోత భరించలేక రాత్రిళ్లు ఆపడం మొదలుపెట్టాం. రెండు వారాలు తిరక్కుండానే ఆరు గప్పీ చేపల్లో మూడు చనిపోయాయి. చేపలు చచ్చింది మోత వల్ల కాదు, మోత ఆగాలని మేం చేసిన పని వల్ల. ఇది ముందే తెలిసి ఉంటే అవి బతికేవి. అందుకే రాస్తున్నాను.

మాది 30 లీటర్ల తొట్టి. హాల్లో, అమ్మ మంచానికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. అమ్మది కోడికునుకు, గ్లాసు చప్పుడైనా లేచి కూర్చుంటుంది. అందుకే నేను వెతికింది ఒక్కటే, చప్పుడు లేని ఫిల్టర్. ఆన్‌లైన్‌లో ఒకటి కనబడింది. నీళ్లలో మునిగి ఉండే రకం. ‘అల్ట్రా సైలెంట్, 25 డెసిబెల్స్ లోపే’ అని ఉంది. ‘గంటకు 500 లీటర్లు’ అని కూడా ఉంది. ఎంత ఎక్కువ తిప్పితే నీళ్లు అంత శుభ్రం కదా అనుకున్నాను. ఆ రెండు అంకెలూ చూసే మోసపోయాను.

మొదటి మూడు రోజులు నిజంగానే చప్పుడు లేదు. నాలుగో రోజు రాత్రి పదకొండు దాటాక మొదలైంది. ముందు సన్నగా ఝుమ్మని, కాసేపటికి టకటకమని, రేకు డబ్బాలో గులకరాయి వేసి ఊపినట్టు. పగలు ఫ్యాను, టీవీ, మాటల మధ్య తెలిసేది కాదు. ఇల్లు సద్దుమణిగాక అదొక్కటే వినబడేది. అమ్మ లేచి కూర్చుని, “నాన్నా, దాన్ని కాసేపు ఆపెయ్యి, తల పగిలిపోతోంది” అంది. ఆపేశాను. మర్నాడు కూడా అంతే. తర్వాత అది అలవాటైపోయింది, పడుకునేముందు ఆపడం, పొద్దున్నే వేయడం.

అమ్మినవాళ్లకు రాస్తే, “లోపల గాలి ఇరుక్కుని ఉంటుంది, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది” అన్నారు. కొత్త ఫిల్టర్‌లో గాలి ఇరుక్కుంటే చప్పుడు రావడం నిజమే. కానీ దాన్ని నీళ్లలోనే అటూ ఇటూ వంచితే బుడగలు బయటికొచ్చేస్తాయి, చప్పుడు కొద్ది గంటల్లో తగ్గిపోవాలి. నేను వాళ్ల మాట మీద ఆగాను. మళ్లీ రాస్తే వీడియో అడిగారు. పంపాను. ఎనిమిదో రోజున “వాపసు గడువు 7 రోజులే, పైగా నీళ్లలో పెట్టిన వస్తువు తీసుకోం” అని తేల్చేశారు. ఫిల్టర్ చప్పుడు చేస్తే ‘సర్దుకుంటుంది’ అనే మాట విని గడువు దాటనివ్వకండి. అదే రోజు ఫిర్యాదు పెట్టండి, వీడియో తీసి దగ్గర ఉంచుకోండి. ఇంకా మంచిది, తొట్టిలో పెట్టకముందే బకెట్ నీళ్లలో వేసి, రాత్రి ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గదిలో ఓ గంట నడిపి వినండి.

ఇక ఎలాగూ తీసుకోరని తేలాక విప్పి చూశాను. కింద మూత లాగితే నీళ్లను తోసే ఇంపెల్లర్ బయటికొస్తుంది. చిటికెన వేలంత అయస్కాంతం, దాని చివర మూడు రెక్కలు, మధ్యలో సన్నటి పిన్ను. ఆ పిన్నుకు రెండు వైపులా చిన్న రబ్బరు టోపీలు ఉండాలి, అవే కుదుపును మింగేస్తాయి. నా దాంట్లో ఒకవైపే ఉంది. రెండోవైపు పిన్ను నేరుగా ప్లాస్టిక్‌కు కొట్టుకుంటోంది. వేలితో తడిమితే ఆ చోట గరుగ్గా గుంట పడి ఉంది. అయస్కాంతం చుట్టూ సన్న ఇసుక అంటుకుని ఉంది. నీళ్లు పీల్చే చీలికలు మరీ వెడల్పు, వాటికి స్పాంజ్ అడ్డం లేదు. ఇసుక లోపలికి వెళ్లడానికి మూడు రోజులు పట్టిందన్నమాట. ఒక మాట చెప్పాలి, ఇంపెల్లర్ రెక్కలు కొన్ని మోడళ్లలో అయస్కాంతం మీద కొద్దిగా వదులుగా తిరుగుతాయి. అది తయారీలోనే ఉంటుంది, చూసి టెన్షన్ పడొద్దు. పిన్ను వంగి ఉన్నా, విరిగినా, రబ్బరు లేకపోయినా మాత్రం, అవి మార్చేదాకా చప్పుడు పోదు.

డెసిబెల్స్ సంగతి. ఎంత దూరం నుంచి కొలిచారో రాయకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే కాస్త దూరం జరిగి కొలిస్తే ఏ ఫిల్టరైనా నిశ్శబ్దమైనదే. పైగా వాళ్లు కొలిచింది ఫిల్టర్‌ను. మన ఇంట్లో మోగేది ఫిల్టర్ ఒక్కటే కాదు, అది ఆనుకున్న గాజు, దాని కింద ఉన్న చెక్క బల్ల అన్నీ కలిసి మోగుతాయి. ఖాళీ అల్మారా మీద పెట్టిన తొట్టి డప్పులా పనిచేస్తుంది. ఒకసారి ప్లగ్ తీసి, ఫిల్టర్‌ను నీళ్లలోనే గాజుకు తగలకుండా సర్ది, మళ్లీ వేసి వినండి. చప్పుడు ఆగిపోతే తప్పు మోటారుది కాదు, ఆనుకున్న చోటుది. ఫిల్టర్‌ను గాజుకు అంటించి ఉంచే రబ్బర్లు గట్టిపడి ఉంటే మార్చడమో, వెనక చిన్న స్పాంజ్ ముక్క పెట్టడమో చేస్తే సరిపోతుంది. నాకు అలా ఆగలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ మాత్రమే అనుకునేవాణ్ణి. చేపలు ముఖ్యంగా మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి, మలం, మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది, అది విషం. ఫిల్టర్ స్పాంజ్‌లో, సిరామిక్ రింగుల్లో పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ అంత ప్రమాదం కాదు, నీళ్లు మార్చితే తగ్గుతుంది. ఈ బాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దానికి ఆక్సిజన్ కావాలి, అది పారే నీళ్లతోనే అందుతుంది. రాత్రంతా ఫిల్టర్ ఆపితే మూసి ఉన్న ఫిల్టర్ లోపల ఆక్సిజన్ అయిపోతుంది, బాక్టీరియా దెబ్బతింటుంది, లోపలి చెత్త కుళ్లుతుంది. పొద్దున్నే స్విచ్ వేస్తే ఆ మురికి నీళ్లు నేరుగా చేపల మీదకు వస్తాయి. దానికి తోడు చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. పైన నీళ్లు కదలకపోతే బయటి గాలి నుంచి కొత్తగా కలిసేదీ తక్కువే.

పదకొండో రోజు పొద్దున చూస్తే గప్పీలన్నీ నీటి అంచున నోళ్లు తెరిచి ఆడిస్తున్నాయి. ఆకలికి పైకొచ్చాయనుకుని మేత వేశాను. ఒక్కటీ ముట్టలేదు. ఒకదాని మొప్పలు ఎర్రగా వాచి ఉన్నాయి, తోక ముడుచుకుపోయింది. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు). సున్నా ఉండాల్సిన చోట. క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లతో వరసగా నాలుగు రోజులు సగం సగం మార్చాను. మూడు దక్కాయి.

500 లీటర్ల విషయానికి వస్తే, 30 లీటర్ల తొట్టికి అంత అక్కర్లేదు. గంటకు తొట్టి నీళ్లకు నాలుగు నుంచి ఆరు రెట్లు, అంటే 120 నుంచి 180 లీటర్లు చాలు. బెట్టా లాంటి పొడుగు రెక్కల చేపకైతే ఇంకా నెమ్మది ప్రవాహం కావాలి. డబ్బా మీద అంకె చాలావరకు స్పాంజ్ లేకుండా ఖాళీగా నడిపినప్పటిది కాబట్టి కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు. నాలా పదహారు రెట్లు మాత్రం వద్దు. పెద్ద మోటారు అంటే పెద్ద కుదుపు.

నేను ఇప్పుడు వాడుతున్నది స్పాంజ్ ఫిల్టర్, అంటే చిన్న ఎయిర్ పంప్ వదిలే బుడగలతో స్పాంజ్ గుండా నీళ్లు లాగే రకం. తొట్టిలో తిరిగే భాగమే లేదు కాబట్టి అరిగేదీ కొట్టుకునేదీ ఉండదు. అలాగని దానికీ చప్పుడు లేదనడం అబద్ధం. పంప్ గుయ్యిమంటుంది, బుడగలు బుడబుడమంటాయి. స్పాంజ్ ఫిల్టర్ గొట్టం లోపల చిన్న ఎయిర్ స్టోన్ (సన్న రంధ్రాల రాయి) పెడితే పెద్ద బుడగలు సన్నవైపోయి బుడబుడ చాలా తగ్గింది. పంప్‌ను నాలుగు మడతల టవల్ మీద, గోడకు తగలకుండా పెట్టాను. చప్పుడు తగ్గించాలని గాలి గొట్టాన్ని నొక్కి బిగించకండి, లోపలి రబ్బరు పొర మీద ఒత్తిడి పెరిగి తొందరగా చెడిపోతుంది. ఇంగ్లిష్ ‘T’ ఆకారపు వాల్వ్‌తో ఎక్కువ గాలిని బయటికి వదలాలి. పంప్ నీటి మట్టం కన్నా కిందుంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి, లేదంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంప్‌లోకి, ప్లగ్‌దాకా పోవచ్చు.

తొట్టి వెనక అంచుకు తగిలించే రకం ఫిల్టర్ కూడా నిశ్శబ్దంగానే నడుస్తుంది, నీళ్లు నిండుగా ఉన్నంతసేపు. అంగుళం తగ్గితే పైనుంచి పడే ధార రాత్రంతా కుళాయి వదిలేసినట్టు వినబడుతుంది. మోటారు నీటికి పైనుండే మోడల్ అయితే కరెంటు పోయి వచ్చాక తనంతట తాను నీళ్లు లాగుతుందో లేదో కనుక్కోండి. లాగలేకపోతే నీళ్లు లేకుండా గరగరమని తిరిగి కాలిపోతుంది. ఏది కొన్నా ఇంపెల్లర్, పిన్ను, రబ్బర్లు విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ఆ మోడల్ వదిలేయడమే మేలు.

ఇప్పటికే మోత పెట్టే ఫిల్టర్ మీ ఇంట్లో నడుస్తుంటే, కొత్తది వచ్చేదాకా దాన్ని ఆపకండి. స్విచ్ ఆపి ప్లగ్ తీసి, ఇంపెల్లర్‌ను పాత టూత్ బ్రష్‌తో కడిగి మళ్లీ పెట్టండి, కొంతైనా తగ్గుతుంది. పడుకునేవాళ్లకు కొన్నాళ్లు వేరే గది చూడండి. స్పాంజ్‌ను కుళాయి నీళ్లలో కడగొద్దు, క్లోరిన్‌కు బాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కొత్త ఫిల్టర్ వచ్చాక రెండూ కలిపి ఓ నాలుగు వారాలు నడపండి, పాతదాన్ని తర్వాత తీయండి. మా అమ్మ ఆ నాలుగు వారాలూ లోపలి గదిలో పడుకుంది. “చేపలు నిలబడ్డాకే వస్తాలే” అంది.