ఒంటరి కోతికి పెద్ద బోనా, తోడున్న చిన్న బోనా: ఏది మేలు?

యాసంగి పల్లి చేతికొచ్చే రోజుల్లో అచ్చంపేట, దేవరకొండ వైపు ఏ ఊరికి పోయినా ఒకటే ముచ్చట, కోతులు. ఇంటింటికీ ఇంత అని చందా వేసుకుని పట్టేవాళ్ళను పిలిపిస్తారు. పట్టడం వాళ్ళకు పెద్ద పని కాదు. పట్టాక ఏం చేయాలన్న దగ్గరే అందరికీ టెన్షన్. ఫారెస్టోళ్ళు వచ్చేదాకా వాటిని ఉంచాలి. కరెంటు తీగ తగిలి చెయ్యి పోయినవి, పసికూనగా దొరికి మనిషి చేతి తిండికే అలవాటు పడ్డవి ఇక అడవికి పోలేవు, వాటి బతుకంతా బోనులోనే. అట్లాంటి వాటి గురించి సర్పంచులు గానీ, పశువుల డాక్టర్లు గానీ మొదట అడిగేది "ఎన్ని అడుగుల బోను చేయించాలి?" అనే. లోపల ఇంకెవరుంటారన్నది తర్వాతెప్పుడో గుర్తొస్తుంది. నా లెక్కలో ముందు అడగాల్సింది అదే.

కోతి గుంపు జీవి. ఆడవి పుట్టిన గుంపులోనే తల్లి, అక్కచెల్లెళ్ళతో బతుకుతాయి, మగవి ఈడొచ్చాక వేరే గుంపు వెతుక్కుంటాయి. ఒకదాని ఒళ్ళు ఇంకొకటి వెతకడం చూసి పేలు ఏరుతోంది అంటాం గానీ, పేలకంటే అందులో చుట్టరికమే ఎక్కువ. ఆ చేతులకు పని లేకుండా ఒంటరిగా పెట్టండి. కొన్నాళ్ళకు ఒకే దారిలో అటూ ఇటూ తిరగడం, కూర్చున్నచోటే ఊగడం, సొంత వెంట్రుకలు పీక్కోవడం, ముదిరితే తన చెయ్యి తానే కొరుక్కోవడం మొదలవుతుంది. దాన్ని ఇంకా పెద్ద బోనులోకి మార్చినా ఆ తిరుగుడు అంత తేలిగ్గా ఆగదు, దారి కాస్త పొడవవుతుంది, అంతే.

అమెరికాలోని విస్కాన్సిన్ ప్రైమేట్ (కోతులు, వాటి చుట్టాల జాతి) కేంద్రంలో విక్టర్ రైన్‌హార్ట్ అనే పశువైద్యుడు ఏళ్ళ తరబడి ఈ పని మీదే ఉన్నాడు. ప్రయోగశాలలో ఒంటరిగా ఉంచిన రీసస్ (పొట్టి తోక, ఎర్ర పిర్రల రకం) కోతులను పద్ధతిగా పరిచయం చేస్తే జంటగా బతుకుతాయని చూపించాడు. ప్రైమేట్ల మానసిక క్షేమం కూడా చూడాలని 1985లో అక్కడి చట్టంలోనే రాశారు. ఆ దేశపు ప్రయోగశాలలకు ఒకప్పుడు లెక్కలేనన్ని రీసస్ కోతులు పోయింది మన దగ్గర్నుంచే. 1978లో మన ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది.

కాబట్టి తోడున్న చిన్న బోనే మేలు. కానీ "చిన్న" అన్న మాటకు ఒక హద్దుంది. గట్టిది మీదికొస్తే మెతకది తప్పుకోవడానికి చోటు లేకపోతే అది ఒంటరితనం కంటే ఘోరం. మధ్యలో ఒక అడ్డు రేకు, దానికి రెండు వైపులా దారి, తిండి రెండు చోట్ల, నీళ్ళు రెండు చోట్ల ఉండాలి. ఇవి కుదరని బోనులో రెండింటిని పెట్టకండి.

తోడు చేయడం కూడా తోసి తలుపేసే పని కాదు. ముందు జాలీకి చెరో పక్క ఉంచి కొన్ని రోజులు చూడాలి. ఒకటి పళ్ళన్నీ కనబడేలా పెదాలు లాగి, పక్కకు జరిగి, వెనక్కి తిరిగిందా? మనోళ్ళు దాన్ని చూసి నవ్వుతోందంటారు. అది నవ్వు కాదు, "నువ్వే పెద్ద, నన్నేం చేయకు" అని ఒప్పుకోవడం. రెండోది దాని మీదికి ఉరక్కుండా ఊరుకుంటే ఆ ఇద్దరి మధ్య లెక్క తేలినట్టే, తలుపు తీయొచ్చు. రెండూ తగ్గకుండా జాలీ మీద పడుతుంటే ఆ జత వద్దు. ముఖపరిచయం లేని రెండు పెద్ద మగవాటిని కలపడం నేనైతే చేయను. పెద్దదానికి పిల్లను జత చేయడం అన్నిటికంటే తేలిక. మగ, ఆడ కలిపితే ముందు మగదానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి, లేకపోతే బోను మళ్ళీ చాలదు.

ఇంకో మాట. మన జిల్లాల్లో రెండు రకాలున్నాయి. నెత్తిన టోపీలా జుట్టు, పొడుగు తోక ఉన్నది దక్షిణాది కోతి. పొట్టి తోక, ఎర్ర పిర్రలది రీసస్, ఉత్తరాన్నుంచి మెల్లగా కిందికి దిగుతోంది. కోపం, పెత్తనం రీసస్‌కే ఎక్కువ. ఏ రకం ఆ రకంతోనే ఉంచడం మంచిది.

ఇనుముకు పెట్టే డబ్బు ఎలాగూ అంతే అయినప్పుడు బోను వెడల్పు పెంచాలా, ఎత్తు పెంచాలా? ఎత్తే. భయమేస్తే కోతి పైకి ఎక్కుతుంది. మనిషి తల కంటే పైన కూర్చునే వాసం ఉంటేనే దానికి ధీమా. పొడుగు తోకదానికైతే ఆ వాసం కింద తోక వేలాడేంత ఖాళీ ఉండాలి. నల్లగొండ ఎండల్లో పైన రేకు మాత్రమే వేస్తే లోపల ఉడికిపోతాయి, రేకు మీద తాటాకు పరవాల్సిందే. ఒక తొట్టిలో నీళ్ళు పెట్టండి, రీసస్ అందులోకి దూకి ఆడుకుంటుంది.

తిండి పళ్ళెంలో పెట్టాలా, చల్లాలా అంటే నాకు అనుమానమే లేదు. అడవిలో కోతికి పగటిపూట చాలాభాగం తిండి వెతుక్కోవడంతోనే గడుస్తుంది. పళ్ళెంలో పెట్టింది కాసేపట్లో బుగ్గల్లోకి పోతుంది, ఆ తర్వాత రోజంతా ఏం చేయాలి? అవే శనగలు, అవే పల్లీలు మందంగా పరిచిన వరిగడ్డిలో చల్లి చూడండి. రెండు చేతులతో గడ్డి విడదీస్తూ, గింజ గింజ ఏరి బుగ్గ సంచుల్లో నింపుకుని, వాసం ఎక్కి కూర్చుని, మణికట్టుతో బుగ్గను ఒత్తుతూ ఒక్కొక్కటే నోట్లోకి తెచ్చుకుని నములుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. గడ్డి తడిస్తే మాత్రం అదే రోజు తీసేయాలి. "ఎట్లాగూ పారేసేవే కదా" అని బూజు పట్టిన పల్లీలు తెచ్చిచ్చేవాళ్ళుంటారు. వాటిలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది, కాలేయం దెబ్బతింటుంది. మనలాగే కోతికి కూడా విటమిన్ సి ఒంట్లో తయారవదు, జామకాయో ఉసిరికాయో రోజూ పడాలి. అరటిపండ్లు, బిస్కెట్లతోనే కడుపు నింపడం దానిమీద ప్రేమ కాదు.

కొన్న బొమ్మలా, కొమ్మలా? కొమ్మలే. రబ్బరు బంతి రెండో రోజుకు మూలన పడుంటుంది. పచ్చి చింతకొమ్మ వేస్తే ఆకు తింటుంది, బెరడు ఒలుస్తుంది, మిగిలిన కట్టె కొరుకుతుంది.

ఇక కొండముచ్చు. కోతులను బెదిరించడానికి దాన్ని తెచ్చి అరుగు మీద గొలుసుతో కట్టే ఊళ్ళున్నాయి. ఇక్కడ రెండు పక్కలు తూచడానికి ఏమీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆ సంగతి పక్కన పెట్టినా, కొండముచ్చు కడుపు ఆకులు పులియబెట్టి అరిగించుకునేలా గదులు గదులుగా ఉంటుంది. అందరూ తలా ఇంత అన్నం, రొట్టె, బెల్లం పెడితే లోపల ఆమ్లం పెరిగి కడుపు ఉబ్బుతుంది. ఇప్పటికే కట్టేసి ఉన్నదాన్ని చూస్తే ఫారెస్ట్ ఆఫీసుకు ఫోన్ చేయండి. వాళ్ళు వచ్చేలోపు నీడ, నీళ్ళు, నాలుగు మర్రి కొమ్మలు పెట్టండి. గొలుసు మెడలోకి దిగబడి ఉంటే మీరు లాగకండి, మత్తు ఇచ్చే డాక్టరు తీయాలి.