షుగర్ ముప్పు ముందే తెలియాలంటే కంటి ఫోటోనా, రక్తపరీక్షా?

కంట్లో ఒక ఫోటో తీస్తే చాలు, రాబోయే షుగర్ ముందే తెలిసిపోతుందనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. సూదిపోటు లేదు, పరగడుపున వెళ్లే పని లేదు అంటే ఎవరికి చేదు? ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే అది ఎంతవరకు నిజమో తెలుసుకోకపోతే, రక్తపరీక్ష ఎగ్గొట్టడానికి మంచి సాకుగా మారుతుంది.

ముందు కంటి సంగతి. ఎక్కడా కోత పెట్టకుండా ధమనులూ సిరలూ ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఒంట్లో రెటీనా, అంటే కంటి వెనక గోడకుండే పలుచని పొర, తప్ప మరొకటి లేదు. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపల చూసే పరికరం గురించి ప్రకటించిన దగ్గర్నుంచీ డాక్టర్లు అక్కడ చూస్తూనే ఉన్నారు. కెమెరాలు, కంప్యూటర్లు వచ్చాక నాళాల వెడల్పును కొలవడం కూడా మొదలైంది. అమెరికాలో ఏరిక్ అనే పెద్ద అధ్యయనం చేసినవాళ్లు 2002లో ఒక విషయం బయటపెట్టారు. అప్పటికి షుగర్ లేని నడివయసు వారిలో, రెటీనా ధమనులు సన్నగా ఉన్నవారికి ఆ తర్వాతి ఏళ్లలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనంలో సిరలు వెడల్పవడానికీ షుగర్‌కీ సంబంధం ఉన్నట్టు తేలింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? కంట్లో మినుకుమినుకుమనే వెలుగు పడితే ఆరోగ్యంగా ఉన్న నాళాలు కాస్త విప్పారి రక్తం ఎక్కువగా అందిస్తాయి. ప్రీడయాబెటిస్ దశలోనే, అంటే చక్కెర పెరిగినా ఇంకా షుగర్ జబ్బు అనేంత కానప్పుడే, ఈ విప్పారడం తగ్గుతుంది. నాళాల లోపలి పొర దెబ్బతింటోందనడానికి అదొక గుర్తు. ఇక్కడ గుడ్డు ముందా కోడి ముందా అనే చిక్కు కూడా ఉంది. చక్కెర పెరిగి నాళాలు పాడవుతాయన్నది అందరికీ తెలిసిందే. కానీ సన్ననాళాలు ముందే మొండికేస్తే కండరాలకు ఇన్సులిన్, గ్లూకోజ్ సరిగా అందవు, దాంతో చక్కెర పెరుగుతుందనే వాదన కూడా ఉంది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే.

ఇంత ఉన్నా నా ఓటు రక్తపరీక్షకే. పైన చెప్పినవన్నీ వేలమందిని పోల్చి చూస్తే తేలిన తేడాలు. ఒక్క మనిషి ఫోటో చూసి ‘నీకు షుగర్ వస్తుంది’ అని చెప్పడానికి సరిపోవు. బీపీ ఉన్నా ధమనులు సన్నబడతాయి. సిగరెట్లు తాగినా, ఒళ్లు పెరిగినా సిరలు వెడల్పవుతాయి. వయసు ప్రభావం సరేసరి. ఇంత వెడల్పు దాటితే ప్రమాదం అని అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు.

రక్తానికి ఆ గీత ఉంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క ప్రకారం పరగడుపున గ్లూకోజ్ 100 నుంచి 125 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, 126 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 నుంచి 6.4 శాతం వరకు ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగర్. లక్షణాలేమీ లేకపోతే ఇంకోసారి చేయించి ఖాయం చేసుకుంటారు. అలాగని రక్తపరీక్షలు తప్పుపట్టలేనివేం కావు. కొందరికి పరగడుపున మామూలుగానే ఉండి, తిన్న తర్వాత ఎగబాకుతుంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తే గానీ వాళ్లు దొరకరు. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. ఒకటి సరిగ్గా ఉందని నిశ్చింతగా ఉండిపోకండి.

కృత్రిమ మేధ మాటేమిటంటారా? 2018లో గూగుల్ పరిశోధకులు రెటీనా ఫోటోల నుంచే వయసు, ఆడో మగో, సిగరెట్ అలవాటు వంటివి కంప్యూటర్ చేత అంచనా వేయించారు. అదే ఏడాది అమెరికాలో ఒక కంటి సాఫ్ట్‌వేర్‌కు ప్రభుత్వ అనుమతి వచ్చింది. ఈ రెండూ కలగలిసి ‘షుగర్‌ను కనిపెట్టే ఫోటో’గా చలామణి అవుతున్నాయి. నిజానికి ఆ అనుమతి, అప్పటికే షుగర్ ఉన్నవారి కంట్లో రెటినోపతీ, అంటే చక్కెర ఎక్కువై రెటీనా నాళాలు పాడయ్యే జబ్బు, ఉందా లేదా చూడటానికి. షుగర్ వస్తుందో లేదో చెప్పడానికి కాదు.

షుగర్ ఉందని తేలాక మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు రక్తపరీక్ష ఎంత బాగున్నా కంటి పరీక్షకు బదులు కాదు. టైప్ 2 అయితే తెలిసిన వెంటనే ఒకసారి కళ్లు చూపించుకోవాలి, ఎందుకంటే జబ్బు అప్పటికే కొన్నేళ్లుగా లోపల ఉండి ఉండవచ్చు. అమెరికాలోని ఒక షుగర్ నివారణ అధ్యయనంలో, ఇంకా ప్రీడయాబెటిస్‌లోనే ఉన్నవారిలో దాదాపు 8 శాతం మందికి రెటినోపతీ ఆనవాళ్లు కనిపించాయి. చూపు బాగానే ఉంది కదా అనుకోవడానికి లేదు. నాళాల మీద చిన్న ఉబ్బులు లేచే తొలిదశలో అక్షరాలన్నీ చక్కగానే కనబడతాయి.

కళ్లజోడు కోసం వెళ్తే, ధమనులు సన్నబడ్డాయనో ఎర్రచుక్కలున్నాయనో డాక్టరు చెబితే బెంబేలెత్తకండి. ఆ వారంలోనే బీపీ, పరగడుపు గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలమందు వేసి చూస్తామంటే బండి మీద మాత్రం వెళ్లకండి, కొన్ని గంటలు అంతా మసకే.