గేర్ బండికి డబ్బు కట్టి గేర్ లేని ఎల్‌ఎల్‌ఆర్ తెచ్చుకున్న తెలివైనదాన్ని. మీ కాయితం ఒకసారి తెరిచి చూసుకోండి

కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. టూ వీలర్ లైసెన్స్ కోసం డ్రైవింగ్ స్కూల్‌కి డబ్బు కట్టినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ముందు మీ ఎల్‌ఎల్‌ఆర్, అదే లెర్నర్ లైసెన్స్ కాయితం, తెరిచి అందులో బండి రకం ఏమని ఉందో చూడండి. మీ దగ్గర లేదా? స్కూల్ వాళ్ల ఫోన్‌లోనే ఉందా? అయితే మీరూ నా బాపతే, చివరిదాకా చదవండి.

మా ఆయన మస్కట్ వెళ్లి ఎనిమిది నెలలైంది. ఆయన స్ప్లెండర్ వసారాలో కవర్ కప్పుకుని పడుకుంది. బ్యాటరీ దిగిపోకుండా మా మరిది వారానికోసారి వచ్చి స్టార్ట్ చేసి పోతాడు. పిల్లల స్కూలుకి ఆటో, బ్యాంకుకి ఆటో, కూరగాయలకి ఆటో. స్కూటీ కొనుక్కోమని అందరూ అన్నారు. ఇంట్లో బండి పెట్టుకుని ఇంకో లక్ష ఎందుకు తగలేయాలి? ఈ స్ప్లెండరే నేర్చుకుంటాను అన్నాను. అంతే, కథ అక్కడ మొదలైంది.

ఆ స్కూల్ ఏదో మన ఊరి వాళ్లకి చెప్పక్కర్లేదు. బస్టాండు వెనక సందు, మెట్ల కింద షట్టర్, బయట ఎప్పుడూ రెండు స్కూటీలు, వాటికి ఎర్ర అక్షరం ఎల్ బోర్డులు. పేరు రాయను, పేరు రాసి ఇంకో తలనొప్పి తెచ్చుకునే ఓపిక లేదు. వెళ్లిన మొదటి రోజే గట్టిగా చెప్పాను, "అన్నా, నాకు గేర్ బండి లైసెన్స్ కావాలి, స్కూటీది కాదు" అని. "అయిపోతది మేడమ్, మీరు పరేషాన్ గాకుండ్రి, అంత నేను చూసుకుంట" అన్నాడు. ట్రైనింగ్, ఎల్‌ఎల్‌ఆర్, టెస్టు, కార్డు ఇంటికొచ్చేదాకా అన్నీ కలిపి 4,800. బేరం ఆడకుండా ఇచ్చాను. కూరగాయల దగ్గర రెండు రూపాయలకు గంట వాదించే మనిషిని, అక్కడ మాత్రం నోరు రాలేదు.

అప్లికేషన్ వాళ్లే నింపారు. ఫోన్ నంబరు కూడా వాళ్లదే పెట్టుకున్నారు, "ఓటీపీలు వస్తుంటయి మేడమ్, మీకెందుకు తక్లీఫ్" అని. ఎంత మంచివాళ్లో అనుకున్నాను. నవ్వకండి. కంప్యూటర్ పరీక్షకి మాత్రం నేనే కూర్చున్నాను, సిగ్నల్ గుర్తులన్నీ రెండు రాత్రులు పిల్లలతో కలిసి బట్టీ పట్టాను కాబట్టి పాసయ్యాను. ఎల్‌ఎల్‌ఆర్ ప్రింట్ ఒకటి మడతపెట్టి ఇచ్చాడు. నేను దాన్ని మడత విప్పకుండానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్నాను. పెళ్లి పత్రికకి కూడా అంత మర్యాద చేయలేదు.

ట్రైనింగ్ సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పది రోజులన్నాడు, ఆరు రోజులు జరిగింది. నాలుగు రోజులు స్కూటీ మీదే తిప్పించాడు, "ముందు బ్యాలెన్స్ రావాలె గదా" అని. అప్పుడే అనుమానం రావాలి. గేర్ బండి ఏదన్నా అంటే మెకానిక్ దగ్గరుంది, రేపొస్తది అన్నాడు. ఆ రేపు రెండు పూటలు వచ్చింది, అంతే.

సరే, వీడితో అయ్యేది కాదని నేనే మొదలుపెట్టాను. ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక టెస్టుకి 30 రోజులు ఆగాలి కదా, ఆ నెల రోజులూ పొద్దున అయిదున్నరకి మా మరిది వచ్చేవాడు. వాడికి లైసెన్స్ ఉంది, వెనక కూర్చునేవాడు. టెస్టులో కాలు కింద పెట్టకుండా 8 అంకె ఆకారంలో బండి తిప్పాలి కదా, మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో ముగ్గుపిండితో ఆ 8 వేశాను. అవునండీ, ముగ్గుపిండితోనే. ఎదురింటి పెద్దమ్మ వాకిలి ఊడుస్తూ, "ఇదేం ముగ్గే తల్లీ, చుక్కలే లేవు" అంది. మొదటి వారం బండి నడిచినదానికంటే ఆగినదే ఎక్కువ. క్లచ్ టక్కున వదిలేయడం, బండి ఎగిరి ఆగిపోవడం, మరిది "వదినా, మెల్లగా, మెల్లగా" అని నా భుజం మీద కొట్టడం.

తర్వాత పట్టు దొరికింది. ఫస్ట్ గేర్‌లో ఉంచి క్లచ్ సగం మీద పట్టుకోవాలి, వెనక బ్రేకు మీద పాదం ఊరికే ఆనించి ఉంచాలి, ముందు బ్రేకు జోలికి అసలు పోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ముందు చక్రం వైపు చూడకూడదు. చక్రాన్ని చూశామా, కాలు కింద పెట్టినట్టే. ఎటు తిరగాలో అటు తల తిప్పితే బండి దానంతట అదే తిరుగుతుంది. ఇది నాకు ఆ 4,800 తీసుకున్నవాడు చెప్పలేదు, పాలిటెక్నిక్ చదివే మరిది చెప్పాడు. మూడో వారం చివరికి వరసగా పది సార్లు కాలు పెట్టకుండా వేశాను. వీడియో తీసి మస్కట్ పంపిస్తే మా ఆయన "ఇది నువ్వేనా" అని రెండుసార్లు అడిగాడు.

ఇక నిన్నటి సంగతి.

పదకొండు గంటల స్లాటు. తొమ్మిదిన్నరకే చేరాం. మా బండి మేమే తీసుకెళ్లాం, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ అన్నీ ఫైల్లో పెట్టుకుని, ముందు వెనక ఎల్ అంటించుకుని, హెల్మెట్ పెట్టుకుని. స్కూల్ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు, వెంట స్కూటీ. ఆ స్కూటీ ఎందుకో నేను అడగలేదు, ఇంకెవరికోలే అనుకున్నాను. లైన్లో నా ముందు అయిదుగురు. ఇద్దరు కాలు పెట్టేశారు. నాకు టెన్షన్ ఉంది కానీ భయం లేదు, ఆ తేడా తెలుస్తోంది.

నా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు కాయితం చూశారు, బండి చూశారు, మళ్లీ కాయితం చూశారు.

"అమ్మా, మీది వితౌట్ గేర్ కదా. ఈ బండి మీద టెస్టు పెట్టలేను."

కాదు సార్, గేరే అన్నాను. ఆయన విసుక్కోలేదు, కాయితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించారు. ఎంసీడబ్ల్యూఓజీ, అంటే మోటార్ సైకిల్ వితౌట్ గేర్. గేర్ బండికి ఉండాల్సింది ఎంసీడబ్ల్యూజీ, విత్ గేర్. మధ్యలో ఒక్క ఓ. నెల రోజుల పాటు నా కవర్లో, నా బీరువాలో, నా పట్టుచీరల కింద భద్రంగా దాచుకున్న ఓ.

కుర్రాడి వైపు తిరిగాను. వాడు నేల చూస్తున్నాడు. ఓనర్‌కి ఫోన్ కలిపి నా చేతికివ్వబోయి స్పీకర్ నొక్కాడు, కావాలనో పొరపాటునో తెలియదు. చుట్టూ లైన్లో ఉన్నవాళ్లందరూ వింటున్నారు.

"అన్నా, గేర్ అని చెప్పాను కదా, వితౌట్ గేర్ ఎందుకు పెట్టారు?"

"మేడమ్, లేడీస్ అంటే మేము వితౌట్ గేరే కొడతం. ఆడోళ్లు గేర్ బండి యాడ నడుపుతరు? ఆ స్కూటీ మీద 8 కొట్టుండ్రి, కార్డు వస్తది. ఇంటికి పోయినంక ఏ బండి నడిపితే ఎవడు చూస్తడు?"

వెనక ఎవడో నవ్వాడు. ఎవడో కాదు, ఇంకా నాలుగుసార్లు టెస్టు రాసినా పాస్ కానివాడు అయి ఉంటాడు, నా శాపం.

ఎవడు చూస్తడు అట. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది ఆ కార్డే. గేర్ లేని బండి కార్డుతో గేర్ బండి నడపడమంటే ఆ బండికి లైసెన్స్ లేనట్టే లెక్క. అది ఆ మనిషికి తెలియదా? ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానని బోర్డు మీద రాసుకున్నాడు.

అక్కడితో తిరిగి వచ్చేస్తే ఈ పోస్టు సగంలోనే అయిపోయేది. నా బుద్ధితక్కువ పని ఇప్పుడు మొదలైంది. సరే, స్కూటీయే కదా, ఆ నవ్వినవాడి ముందే కొట్టి చూపిస్తాను అనుకున్నాను. మరిది "వద్దు వదినా" అన్నాడు. విన్నానా? స్కూటీ ఎక్కాను. మొదటి సగం బాగానే వచ్చింది. రెండో మలుపులో బండి కొంచెం వాలగానే, నెల రోజుల అలవాటు కదా, ఎడమ చెయ్యి దానంతట అదే క్లచ్ పట్టేసింది.

స్కూటీకి ఎడమ చేతి కింద ఉండేది క్లచ్ కాదు. బ్రేకు.

బండి ఉన్నచోటే ఆగింది. కాలు కింద పడింది. గేర్ బండి మీద వరసగా పది 8లు వేసిన మనిషి స్కూటీ మీద ఫెయిల్. ఫోన్ ఇంకా స్పీకర్ లోనే ఉన్నట్టుంది, కుర్రాడు ఏదో చెప్పాడు, అటునుంచి వినబడింది:

"స్కూటీనే రాలే, గేర్ బండి అంట!"

ఆ మాట. డబ్బు పోయినందుకు కాదు, ఫెయిలైనందుకు కూడా కాదు. రాత్రంతా ఆ మాటే. కాయితంలో తప్పు చేసింది వాడు, క్లచ్ నేర్పనిది వాడు, నవ్వేది కూడా వాడే. నేనేం అన్నానో తెలుసా? ఏమీ అనలేదు. హెల్మెట్ తీసి, మళ్లీ పెట్టుకుని, మరిది వెనక కూర్చుని ఇంటికొచ్చాను. అనాల్సినవన్నీ ఇంట్లో గిన్నెలు తోముతున్నప్పుడు వచ్చాయి, వరసగా, ప్రాసతో సహా.

ఇవాళ పొద్దున షట్టర్ దగ్గరికి వెళ్లాను. డబ్బు వాపసు అడిగితే రసీదు తిప్పి చూపించాడు, వెనక సన్న అక్షరాల్లో "ఫీజు తిరిగి ఇవ్వబడదు". ముందు వైపు "టూ వీలర్" అని మాత్రమే ఉంది, గేర్ అన్న మాటే లేదు. అదీ నేను చదవలేదు. కనీసం లాగిన్‌కి నా నంబరు మార్చి ఇవ్వమంటే 1,500 అడిగాడు. నా పేరు మీద ఉన్న అప్లికేషన్‌లో నా నంబరు పెట్టడానికి!

అప్పుడు ఇంకో మాట చెప్పాడు, ఇది మీరు కూడా వినబోతారు కాబట్టి రాస్తున్నాను. "ఇంకో మూడు వేలు ఇయ్యుండ్రి అక్కా, కొత్త రూల్ వచ్చింది, మా స్కూల్ సర్టిఫికెట్ ఉంటే టెస్టే అక్కర్లే." నిన్నటిదాకా మేడమ్, ఇవాళ అక్క. ఇంటికొచ్చి చూస్తే ఆ రూల్ ఉన్నమాట నిజమే. 2021 జూలై నుంచి ఉంది. కానీ అది గుర్తింపు పొందిన పెద్ద శిక్షణ కేంద్రాలకి, వాటికి టూ వీలర్లు, కార్లు నేర్పాలంటే కనీసం ఎకరం స్థలం, సొంత టెస్టు ట్రాక్, సిమ్యులేటర్ ఉండాలి. ఈయనకున్నది మెట్ల కింద షట్టర్. అందులో ఎకరం ఎక్కడ దాచాడో చూద్దామని ఒక క్షణం అనిపించింది.

ఇప్పుడు నా పరిస్థితి ఇదీ. ఫెయిలైతే 7 రోజుల తర్వాత మళ్లీ టెస్టుకి వెళ్లొచ్చు, మూడుసార్లూ పోతే 60 రోజులు ఆగాలి. కానీ ఆ స్కూటీ కార్డు నాకెందుకు? గేర్ బండికి మళ్లీ కొత్తగా ఎల్‌ఎల్‌ఆర్, మళ్లీ కంప్యూటర్ పరీక్ష, మళ్లీ 30 రోజులు. ఈసారి నేనే నింపుకుంటున్నాను. మా ఆయనకి ఫోన్లో చెబితే "కాయితం చూసుకోలేదా నువ్వు?" అన్నాడు. నిజమే. చూసుకోలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు, కానీ ఆ మాట వినడానికి మస్కట్‌కి ఫోన్ చేయాల్సిన అవసరం కూడా లేదు.

ఫీజుల సంగతి కూడా చెప్పేస్తాను, ఇది ముందు తెలిసుంటే బాగుండేది. కేంద్రం రూల్స్ ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కి 150, దాని పరీక్షకి 50, బండి టెస్టుకి 300, కార్డుకి 200. పైన రాష్ట్రం సర్వీస్ చార్జీలు కొంత. మిగతాదంతా నేను ఆ "అంత నేను చూసుకుంట" అన్న ఒక్క మాటకి కట్టాను.

అడుగుతారు కాబట్టి నాలుగు ముక్కలు. ఫోన్ నంబరు మీదే ఇవ్వండి, ఓటీపీ మీకే రానివ్వండి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన రోజే మడత విప్పి ఆ ఓ ఉందో లేదో చూడండి. రసీదు మీద గేర్ అని రాయించుకోండి. ఏ బండి మీద నేర్చుకున్నారో దాని మీదే టెస్టుకి వెళ్లండి. గేర్ బండ్లలో కూడా కొన్నింటికి గేర్లన్నీ కిందికే, కొన్నింటికి ఒకటి కిందికి మిగతావి పైకి, ఆఖరి నిమిషంలో ఎవరి బండో ఎక్కకండి. కోపంలో అయితే అసలే ఎక్కకండి.

ఇంకోటి, ఇంటి దగ్గర 8 వేసుకునేవాళ్లు ముగ్గుపిండితో వేయకండి, నాలుగుసార్లు టైరు తిరిగేసరికి చెరిగిపోతుంది. సున్నం నయం.