సీతమ్మధారలో హీబ్రూ అక్షరాల క్లాస్, త్సాదీ కోసమైనా వెళ్ళండి

వైజాగ్‌లో హీబ్రూ నేర్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగేవాళ్ళ కోసం రాస్తున్నా. సీతమ్మధారలో ఒకళ్ళ మేడ మీద శనివారం సాయంత్రాలు జరుగుతుంది, నెలకి ఎనిమిది వందలు, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చర్చికి వెళ్ళేవాళ్ళే, యూనివర్సిటీ పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నన్నడిగితే కళ్ళు మూసుకుని చేరిపోండి, ఎందుకంటే ఈ సార్ హీబ్రూని ఇంగ్లీష్ మీదుగా తిప్పి చెప్పరు, నేరుగా తెలుగు చెవికి ఎక్కేలా చెప్తారు.

పద్దెనిమిదో అక్షరం త్సాదీ చెప్పిన రోజు చూడాలి. మన బైబిల్లో 119వ కీర్తన చదివినవాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది, ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, 22 అక్షరాలకి 176, అందులో 137 దగ్గర ఈ అక్షరం వస్తుంది. సార్ ముందు బోర్డు మీద గీశారు, వంగిన నూన్ అనే అక్షరం ఒకటి, దాని వీపు మీద చిన్న యోద్ అనే అక్షరం, అంతే, అక్షరం అయిపోయింది. తర్వాత నెమ్మదిగా పలికారు. పెందుర్తి నుంచి వచ్చే రిటైర్డ్ టీచరమ్మ వెంటనే "ఇది మన చాపలో చ యే కదా బాబూ" అన్నారు, "అవునమ్మా అదే, చిలకలో చ కాదు" అన్నారు సార్, ఇంక అందరం చాప, చుక్క, చొక్కా అనుకుంటూ నాలుక పళ్ళకి ఎక్కడ తగుల్తుందో చూసుకోవడమే పని. పాత పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి ౘ అని వేసేవారు చూడండి, ఆ దంత్య చకారమే ఇప్పుడు ఇజ్రాయెల్లో పలికే త్సాదీ. చిప్స్‌లో చ కావాలంటే వాళ్ళు అదే అక్షరం పక్కన పైన చిన్న గీత పెడతారు, మనకి ఏ గుర్తూ లేకుండానే రెండూ నోటికి వచ్చేస్తాయి.

పేరు గురించి కూడా చెప్పారు. వీడియోల్లో చాలామంది త్సాదిక్ అంటారు, తర్వాతి అక్షరం కోఫ్ కదా, గబగబా వరసగా చదివేటప్పుడు ఆ క వచ్చి దీనికి అంటుకుంది, పైగా నీతిమంతుడిని త్సద్దీక్ అంటారు కాబట్టి అలా స్థిరపడిపోయింది. 137వ వచనం హీబ్రూలో మొదలయ్యేది ఆ మాటతోనే.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. సారా, సీనాయి, సీయోను, తెలుగులో మూడూ స తోనే రాస్తాం, హీబ్రూలో మూడిటికీ మూడు వేరే అక్షరాలు, సిన్, సామెఖ్, త్సాదీ. అలాగని మన బైబిల్ తప్పు అని సార్ అనలేదు, పూర్వం త్సాదీ అంటే గొంతు బిగించి పలికే స లాంటిదే అని పండితుల మాట, అరబిక్‌లో సాద్ ఇప్పటికీ అలాగే ఉంది, యెమెన్ యూదులు కూడా స లాగే పలుకుతారు. 1805లో లండన్ మిషన్ నుంచి వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ అనే మిషనరీలు దిగి తెలుగు నేర్చుకుని బైబిల్ అనువాదం మొదలుపెట్టింది మన విశాఖలోనే, అలాంటి ఊళ్ళో ఇలాంటి క్లాస్ ఎప్పుడో ఉండాల్సింది.

లోటు ఒకటే, జిరాక్స్ షీట్లు. అక్షరాలు మరీ చిన్నవి, త్సాదీకి అయిన్ అనే ఇంకో అక్షరానికి తేడా కనిపెట్టడం కళ్ళజోడు పెట్టుకున్నా కష్టం, మాట చివర వచ్చే త్సాదీకి కాలు గీత కిందికి దిగాలి కదా, ఆ కాలు కాస్తా కింది లైన్లో కలిసిపోయింది. పెద్దక్షరాల షీట్ ఇవ్వమని అందరం అడిగాం, వచ్చే నెల నుంచి ఇస్తాం అన్నారు. బండి పెట్టుకోడానికి చోటు తక్కువ, మద్దిలపాలెం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆటోలో వస్తే మేలు. మొదటి అక్షరం ఆలెఫ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టే బ్యాచ్‌లోనే చేరండి, మధ్యలో దూరితే ఈ పోలికలన్నీ మిస్సవుతారు.