ఇంట్లో మార్చిన బ్రేక్ ప్యాడ్లు: రెండు వేసవులు దాటాక నా అభిప్రాయం

బెంజి సర్కిల్ నుంచి పోలీస్ కంట్రోల్ రూమ్ వరకు బందరు రోడ్డు మీద రోజూ ఆగుతూ కదులుతూ వెళ్లే కారుకు ముందు బ్రేకులు ఎంత త్వరగా అరుగుతాయో విజయవాడ వాసులకు చెప్పనక్కర్లేదు. మా స్విఫ్ట్‌కు ముందు చక్రాల ప్యాడ్లను నేనే ఇంట్లో మార్చి రెండు వేసవులు దాటింది. వేసినవి కారు కంపెనీ తన పేరుతో అమ్మేవే. ప్యాడ్ల నాణ్యత ముఖ్యమే కానీ, చక్రంతో పాటు తిరిగే డిస్క్‌కు ప్యాడ్లను అదిమే బిగింపు భాగమైన క్యాలిపర్ జరగడానికి ఆధారమైన స్లైడ్ పిన్నుల శుభ్రత అంతకంటే ముఖ్యమని ఇన్నాళ్ల వాడకం తర్వాత గట్టిగా చెప్పగలను.

పాత ప్యాడ్లు విప్పినప్పుడు ఎడమ చక్రంలో బయటి ప్యాడ్‌కు సగం మందం మిగిలి ఉండగా, లోపలిది దాదాపు వెనక ఉండే ఇనుప రేకు దాకా అరిగిపోయి ఉంది. ఒకే పిస్టన్ ఉన్న క్యాలిపర్‌లో ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుగా లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు అదుముతుంది; ఆ వెంటనే క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. పిన్నులు ఎండి బిగుసుకుపోతే భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది, పెడల్ వదిలాక కూడా అది డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటుంది. చక్రం సందుల్లోంచి మనకు కనిపించేది బయటి ప్యాడ్ మాత్రమే కాబట్టి, అలా చూసి ఇంకా చాలా ఉందనుకోవడం ప్రమాదకరం. చక్రం విప్పి లోపలి ప్యాడ్ చూడాలి. ఇనుప రేకు కాకుండా ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి.

ఆటోనగర్‌లో ఏ దుకాణంలోనైనా దొరికే మామూలు గ్రీజును ఈ పిన్నులకు పూయకూడదు. పెట్రోలియం గ్రీజు తగిలితే పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బి, పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తే చాలు. ప్యాడ్ ముఖానికి, డిస్క్‌కు మాత్రం ఏ జిడ్డూ తగలనివ్వకూడదు.

మిగతా పని కష్టమైనది కాదు, కానీ తొందర పనికిరాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్ పెట్టాలి, వెనక చక్రాలకు అడ్డు వేయాలి. విప్పిన క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం సహజంగానే తగ్గుతుంది. మధ్యలో ఎవరైనా పైదాకా నింపి ఉంటే, కొత్త ప్యాడ్లకు చోటు కోసం పిస్టన్‌ను వెనక్కి నొక్కినప్పుడు ఆయిల్ పొంగి పెయింట్‌ను పాడుచేస్తుంది. పని పూర్తయ్యాక పెడల్ గట్టిపడేవరకు తొక్కకుండా బండిని అడుగు కూడా కదపరాదు.

కొత్త ప్యాడ్లు డిస్క్‌తో సర్దుకోవడానికి తెల్లవారుజామున అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డుకు తీసుకెళ్లి, 50 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ పలుమార్లు బ్రేకు వేశాను. ఆ శ్రద్ధకు ఫలితం దక్కింది. మొదటి కొద్ది రోజుల సన్నని శబ్దం తప్ప ఆ తర్వాత కీచుమనడం లేదు, పెడల్ అదరడం లేదు. కుటుంబంతో కోటప్పకొండ ఘాట్ రోడ్డు దిగినప్పుడు కూడా, గేరు తగ్గించి దిగాము కాబట్టి, బ్రేకు పట్టు సడలలేదు. రాత్రంతా వాన పడితే ఉదయం మొదటి ఒకటి రెండు బ్రేకులకు గరగరమంటుంది. అది డిస్క్ మీద పేరుకున్న పలుచని తుప్పు, ప్యాడ్ లోపం కాదు.

నాకు నచ్చనిది నల్లని దుమ్ము. వారానికోసారి కడిగినా ముందు చక్రాలు మాసిపోతూనే ఉంటాయి. సిరామిక్ ప్యాడ్లు సాధారణంగా తక్కువ దుమ్ము రాలుస్తాయి, ధర మాత్రం ఎక్కువ. ఇటీవల చక్రాలు విప్పి చూస్తే రెండు వైపులా లోపలి, బయటి ప్యాడ్లు దాదాపు సమానంగా అరిగి ఉన్నాయి. నాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చింది ఇదే.

వెనక చక్రాల డ్రమ్ బ్రేకుల పని మాత్రం మెకానిక్‌కే అప్పగిస్తున్నాను. అక్కడ స్ప్రింగులు, అడ్జస్టర్ల అమరిక అనుభవం ఉన్న చేతులకే తగినది. వెనక కూడా డిస్కులు, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో చాలావాటికి పిస్టన్‌ను నొక్కే ముందు సర్వీస్ మోడ్‌లో (పార్కింగ్ బ్రేకు మోటారును వెనక్కి తిప్పే అమరికలో) పెట్టాల్సి ఉంటుంది కాబట్టి, ముందు బ్రేకులకు నేను చెప్పిన పద్ధతిని వాటి వెనక చక్రాలకు వాడకూడదు.