అభిలేఖ్ పటల్ సమీక్ష: ‘నాయుడు’ అని వెతికితే దొరికేది ఎవరు?

ఢిల్లీ జన్‌పథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ తన రికార్డుల కేటలాగును 2015 నుంచి అభిలేఖ్ పటల్ అనే పోర్టల్‌లో అందరికీ తెరిచి పెట్టింది. రిజిస్టర్ చేసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. స్కాన్ అయిన ఫైళ్లను ఇంట్లో కూర్చునే పేజీ పేజీ తిప్పి చదువుకోవచ్చు. కుటుంబ చరిత్ర వెతుక్కునే తెలుగువాళ్లెవరికైనా మేం మొదట చెప్పేది ఈ పోర్టల్ గురించే. అయితే దాదాపు అందరూ వెతుకులాట మొదలుపెట్టేది పేరు చివరి మాటతో: నాయుడు, రెడ్డి, రావు, శాస్త్రి. ఈ సేవ బలమూ బలహీనతా ఆ అలవాటు దగ్గరే బయటపడతాయి. అందుకే ‘నాయుడు’ను పట్టుకుని పరిశీలిస్తున్నాం.

ముందు సెర్చి దేన్ని చదువుతుందో తెలియాలి. కేటలాగులో ఒక్కో ఫైలుకు శీర్షిక, శాఖ, బ్రాంచి, సంవత్సరం, ఫైలు నంబరు, ఒక గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్య పీఆర్ అక్షరాలతో మొదలైతే ప్రభుత్వ రికార్డు, పీపీతో మొదలైతే ప్రైవేటు పత్రాలు. సెర్చి చూసేది ఈ పైపై వివరాలనే. లోపలి పేజీల్లో ఎవరు సంతకం పెట్టారో, ఎవరి వాంగ్మూలం ఉందో దానికి తెలియదు. కేసు ఒక మనిషి చుట్టూ తిరిగితేనే ఆ పేరు శీర్షికలోకి ఎక్కేది. పదిమంది కలిసి పెట్టుకున్న అర్జీ అయితే ‘ఫలానా చోటి భారతీయుల విజ్ఞప్తి’ అని రాసి వదిలేసేవాళ్లు. ఆ పదిమందీ ఫైల్లో ఉంటారు, సెర్చిలో ఉండరు. పేరు కొట్టగానే ‘ఫలితాలు లేవు’ అని వచ్చిందని రికార్డే లేదనుకుని చాలామంది వెనక్కి పోవడం మాకు బాధ కలిగించే విషయం.

ఇక దొరికినవాళ్ల సంగతి. దక్షిణాఫ్రికా భారతీయులకు సంబంధించిన రికార్డులనే తీసుకోండి. 1908 జనవరిలో జోహానెస్‌బర్గ్ జైలు నుంచి గాంధీతో పాటు, ప్రభుత్వానికి రాసిన రాజీ లేఖ మీద సంతకం చేసిన తంబి నాయుడు మారిషస్‌లో పుట్టిన తమిళుడు. 1924లో తూర్పు ఆఫ్రికా, దక్షిణాఫ్రికా పర్యటించిన సరోజినీ నాయుడు హైదరాబాదులో పుట్టిన బెంగాలీ. పుట్టింటి పేరు చటోపాధ్యాయ, నాయుడు అన్నది భర్త ముత్యాల గోవిందరాజులు నాయుడి వల్ల వచ్చింది. 1929 నుంచి 1932 వరకు అక్కడ భారత ప్రభుత్వ ఏజెంటుగా పనిచేసిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు ఏలూరు మనిషి. ముగ్గురి మధ్యా ఏ చుట్టరికమూ లేదు. వీళ్ల చుట్టూ, వీళ్లెవరితోనూ సంబంధం లేని, డర్బన్ రేవున్న నేటాల్ ప్రాంతపు చెరకు తోటల నాయుడులు మరెందరో. సెర్చి మాత్రం అందర్నీ ఒకే వరసలో నిలబెడుతుంది. ఈ పేరుగలవాళ్లు ఇద్దరో ఒకరో అని చెప్పే ఏర్పాటు కేటలాగులో లేదు. ఆ పని చదివేవాళ్లే చేసుకోవాలి.

కూర్మా వెంకటరెడ్డి నాయుడి విషయం ప్రత్యేకంగా చూడదగ్గది. తెలుగువాళ్లకు కుటుంబాన్ని చెప్పేది ముందుండే ఇంటిపేరు, చివరి మాట కాదు. ఇంగ్లిషు కాగితాల్లో ఆయన చాలాచోట్ల ‘సర్ కె.వి. రెడ్డి’, కొన్నిచోట్ల ‘సర్ కూర్మా రెడ్డి’. నాయుడు అన్న మాటే ఎగిరిపోయింది. ‘నాయుడు’ అని వెతికితే ఆయన ఫైళ్లు చాలావరకు జారిపోతాయి. ‘రెడ్డి’ అని వెతికితే ఏ సంబంధమూ లేని రెడ్లతో కలిసిపోతాయి. 1930-32 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న బొల్లిని మునుస్వామి నాయుడి ఇంటిపేరుదీ ఇదే గతి, ‘బి.’ అన్న ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. అందుకే పొడి అక్షరాలతోనూ వెతకాలి. చుక్కల మధ్య ఖాళీ ఉంచి ఒకసారి, ఉంచకుండా ఒకసారి.

స్పెల్లింగుది ఇంకో తంటా. ఇంగ్లిషులో ఈ పేరు చివర ఒక యు రాసినవి, రెండు ఓలు రాసినవి, మధ్యలో ఐ బదులు వై వేసినవి, వై తర్వాత మళ్లీ ఏ గానీ యు గానీ చేర్చినవి ఉన్నాయి. లార్డ్స్‌లో 1932లో మన తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడి పేరు వై, యులతోనే స్థిరపడింది. దక్షిణాఫ్రికాలో రెండు ఓలే ఎక్కువ. ఒక్కో రూపాన్ని విడిగా కొట్టి, ఏది కొడితే ఏం వచ్చిందో కాగితం మీద రాసుకోండి. రాసుకోకపోతే మూడో రోజుకి మళ్లీ అదే వెతుకులాట.

మంచి ఫలితాలు రావాలంటే పేరును చివరికి నెట్టి, శాఖనూ సంవత్సరాన్నీ ముందు పెట్టాలి. అడ్వాన్స్‌డ్ సెర్చిలో ఈ రెండూ ఎంచుకునే వీలుంది. ఈ పోర్టల్‌లో మాకు బాగా నచ్చింది కూడా ఇదే. విదేశాలకు వలసపోయినవాళ్ల కాగితాలు 1905కు ముందైతే రెవెన్యూ అండ్ అగ్రికల్చర్ శాఖలో, ఆ తర్వాత కామర్స్ అండ్ ఇండస్ట్రీలో ఎమిగ్రేషన్ బ్రాంచి కింద ఉంటాయి. 1923 తర్వాత ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ ల్యాండ్స్ శాఖ ఓవర్సీస్ బ్రాంచిలో చూడాలి. స్వాతంత్ర్యోద్యమ ఖైదీలు, నిఘా నివేదికల కోసం హోం శాఖ పొలిటికల్ బ్రాంచి. శాఖ, అయిదేళ్ల కాలం, ఊరు లేదా రేవు పేరు, ఈ మూడూ పెట్టి వెతికి, వచ్చిన శీర్షికలన్నీ వరసగా చదవండి. విసుగు పని, కాదనం. కానీ మనుషులు దొరికేది ఇక్కడే.

ఫైలు నంబరు పక్కన ‘ఎ’, ‘బి’, ‘డిపాజిట్’ అని ఉంటే పట్టించుకోండి. ఎ అంటే ముఖ్యమనుకుని అచ్చువేసినవి. బి, డిపాజిట్ మామూలు వ్యవహారాలు. సామాన్యుల అర్జీలు తరచూ ఈ రెండో రకంలోకే పోయేవి కనుక ఎ చదివి ఆపేస్తే నష్టం. ‘కె.డబ్ల్యు.’ అని ఉంటే అది అసలు ఫైలుకు జతపరిచిన నోట్సు. అధికారులు లోలోపల ఏమనుకున్నారో అందులో బయటపడుతుంది.

నేటాల్ వెళ్లినవాళ్ల వారసులకు ఈ పోర్టల్ ఒక్కటే చాలదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలు అక్కడికి వెళ్లారు. వాళ్ల ఓడ జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వరసకొక మనిషి: కలోనియల్ నంబరు (ఒక్కో కూలీకి విడిగా ఇచ్చిన సంఖ్య), పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. ఇంటిపేరుకు గడి లేదు. వెంకడు తండ్రి అప్పడు అని రాసుకున్న మనిషి మనవలు తర్వాత బడిలోనో రిజిస్ట్రేషనులోనో నాయుడులు అయి ఉండొచ్చు. కాబట్టి ఓడ జాబితాలో నాయుడు అని వెతకడం వృథా. ముందు కుటుంబం దగ్గరున్న పాత పెళ్లి, మరణ కాగితాల్లో కలోనియల్ నంబరు కోసం చూడండి. ఇద్దరు వెంకళ్లను వేరుచేసేది ఆ నంబరే. అది దొరికాక జిల్లా, తాలూకా గడులు చూసుకుంటూ ఓడ చేరిన సంవత్సరాన్ని పట్టుకుని అభిలేఖ్ పటల్‌కు రండి. ఒక హెచ్చరిక: సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని వెళ్లిన వ్యాపారులు ఈ జాబితాల్లో ఉండరు.

అభిలేఖ్ పటల్‌లో వెతకకూడనివీ ఉన్నాయి. సరోజిని కుమార్తె పద్మజా నాయుడి పత్రాలు ఢిల్లీలోనే ఉన్నాయి గానీ తీన్‌మూర్తి భవన్ లైబ్రరీలో. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు జీవోలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, నిజాం రాజ్యపు రికార్డులకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. సరోజినీ కుటుంబం గురించి వెతికేవాళ్లు మొదటి రోజే తీన్‌మూర్తికి వెళ్లడం మంచిది.

మా తీర్పు: శాఖ, సంవత్సరం తెలిసినవాళ్లకు అయిదుకు నాలుగున్నర. పేరు ఒక్కటే తెలిసినవాళ్లకు రెండు. వ్యక్తులకు విడి గుర్తింపు సంఖ్యలిచ్చి, స్పెల్లింగులన్నిటినీ ఒకే మనిషి కింద చేర్చి, ఇంటిపేరుకు విడిగా గడి పెడితే రెండో అంకె వెంటనే మారుతుంది. తెలుగు పేర్లకు ఈ చివరిది మిగతావాటికన్నా ముందు కావాలి.

ఫైలు దొరికాక శాఖ, బ్రాంచి, నెల, ప్రొసీడింగ్సు నంబరు (ఆ నెల కాగితాల్లో వరస సంఖ్య), గుర్తింపు సంఖ్య, పేరున్న పేజీ, ఈ ఆరూ రాసుకోండి. తండ్రి పేరు, ఊరు, వయసుల్లో కనీసం రెండు కుదిరేదాకా ఆ నాయుణ్ణి మీ వంశవృక్షంలో ఎక్కించకండి.